మూడో మెట్టు మీద కేపో

కంచెర్లపాలెం మునిసిపాలిటీ ఊరి శ్రుతి పెంచడానికి మెయిన్ రోడ్డుకు అడ్డంగా గిటారు మెడకు పెట్టే కేపో లాంటిదొకటి బిగించాలని తీర్మానించి, ఎలాంటిదైతే బాగుంటుందో చెప్పమని గిటారు మాస్టారు ఆశీర్వాదానికి కబురు పెట్టింది. ఊళ్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. రైలు గేటు దగ్గర మొదలై గడియార స్తంభం దాకా తిన్నగా సాగే రోడ్డు అది. గిటారు మెడ మీద మెట్లున్నట్టే దాని మీద స్పీడ్ బ్రేకర్లున్నాయి. పోయినేడు రాజధాని నుంచి పెద్దాయన పర్యటనకు వచ్చినప్పుడు ఆయన గొంతు పైనా, ఊరి గోల కిందా ఉండి స్వాగత గీతం కాస్తా నవ్వులపాలైంది. ఈ ఏడు మళ్లీ వస్తున్న ఆయన్ని దిగమనడం మర్యాద కాదు కాబట్టి, ఊరే ఎక్కాలి.

కమిషనర్ కోదండపాణి మంచి మనిషి. మాస్టారికి టీ తెప్పించి, తెలియని సంగతి తెలియదని ఒప్పుకుని అడిగాడు.

"అసలీ కేపో ఏం చేస్తుందండీ?"

"తీగల్ని అడ్డంగా నొక్కి పట్టుకుంటుంది సార్. ఎక్కడ పట్టుకుంటే అక్కణ్నుంచే మోగుతాయి. తీగ పొట్టిదైతే శ్రుతి పెరుగుద్ది. వేళ్లు అవే, పట్లు అవే, పాట మాత్రం పై శ్రుతిలో పలుకుద్ది."

"మరి వెనకాల మిగిలిన తీగ?"

"అది మోగదు సార్."

"భేష్" అన్నాడు కమిషనర్, ఏ ఖర్చూ లేకుండా ఒక సమస్య తీరిపోయినట్టు.

తనకొచ్చిన విద్య ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్న సంబరంలో ఆశీర్వాదం ఆ సమాధానం గురించి రెండోసారి ఆలోచించలేదు. కేపో ఎంపికలో మునిగిపోయాడు. టెండర్లో అందరికన్నా తక్కువకు వచ్చింది సాగే పట్టీ రకం. నాలుగు రోజులకే వదులైపోతుందని దాన్ని వద్దన్నాడు. స్ప్రింగు రకం చప్పున బిగుస్తుంది, చప్పున వస్తుంది, కానీ నొక్కుడంతా దాని ఇష్టం, మన చేతిలో ఉండదు. పైగా మన రోడ్లకు నడుం ఎత్తు, అంచులు పల్లం. బద్ద తిన్నగా ఉంటే నడిమధ్య నొక్కి అంచుల్ని వదిలేస్తుంది. కాబట్టి రోడ్డు వంపుకు సరిపడా వంగిన బద్ద, దాని కింద మందపాటి రబ్బరు, బిగువు సరిచూసుకోవడానికి రెండు వైపులా స్క్రూలు కావాలన్నాడు. సరిగ్గా స్పీడ్ బ్రేకరును ఆనుకుని, గేటు వైపున వేయాలి. దూరం జరిగినా వదులైనా బరబరమంటుంది. మరీ బిగిస్తే శ్రుతి హద్దు దాటుతుంది. ఇంజనీర్లు తలలూపారు.

ఎన్నో మెట్టు అన్న దగ్గర మాస్టారు వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాడు. పెద్దాయన శ్రుతి అందాలంటే మూడో మెట్టు. మూడో స్పీడ్ బ్రేకరుకు ఇవతల, గేటు వైపున, దాదాపు రోడ్డు మీదికే ఉన్న రేకుల ఇల్లు అతని అక్క సంతోషమ్మది.

అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ని సాకింది ఆవిడే. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని "నెత్తళ్లోయ్, ఎండు నెత్తళ్లూ!" అని వీధులన్నీ తిరిగేది. ఆ కేక ఏ రోజూ వెంట్రుకవాసి పెరగదు, తరగదు. ఆశీర్వాదం పొద్దున్నే ఆ కేకకే గిటారు శ్రుతి చేసుకునేవాడు. చర్చిలో పాటలన్నీ తెలియకుండానే ఎండు నెత్తళ్ల శ్రుతిలో సాగేవి. ఆవిడ వేరే వీధికెళ్లి అమ్ముకోవచ్చుగా అనడానికీ లేదు. గొంతు మనిషి వెంట తిరగదు, రేషన్ కార్డులో ఉన్న ఇంటినే పట్టుకుని ఉంటుంది. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు.

"రెండో మెట్టు చాలదా సార్?" అన్నాడు.

"చాలదని మీరే చెప్పారు కదా మాస్టారూ."

"మా అక్క ఇల్లు అక్కడుందండీ. కేకేస్తేనే ఆవిడకి బేరం."

కమిషనర్ నిజంగానే బాధపడ్డాడు. "చూడండి, గేటు దగ్గరోళ్లు ఇన్నాళ్లూ మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్కరోజైనా ఎవరైనా విన్నారా? ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

అది అబద్ధమైతే బాగుండుననిపించింది ఆశీర్వాదానికి.

క్రేను వచ్చి కేపోను దించింది. స్క్రూలు మాస్టారే తిప్పాడు. గేటు నుంచి మూడో మెట్టు దాకా మనుషుల గొంతులు ఆగిపోయాయి. కుక్కర్లు కూశాయి, కుళాయి దగ్గర బిందెలు గొడవపడ్డాయి, ఆడవాళ్లు మాత్రం చేతులు తిప్పుతూ నిలబడ్డారు. మెట్టుకు అవతల ఊరు మాత్రం తళతళలాడే గొంతుతో లేచింది. అంతా బాగుంది గానీ ఎక్కడో బరబరమంటోంది. అక్క వైపు స్క్రూను ఆశీర్వాదం ఒక్క చుట్టు వదులుగా ఉంచాడు మరి.

సంతోషమ్మ బయటికొచ్చింది. గొంతు చిరిగిన డప్పులా ఉంది.

"ఏరా, నా వైపు వదిలేశావేంటి?"

"చూస్తా చూస్తా ఎట్టా బిగించమంటావక్కా?"

"చేసిన పనికి వంక పెట్టించుకోమాకని నీకు చెప్పి పెంచానా లేదా? బిగించు. ఇన్నేళ్లు అరిచీ అరిచీ నాకూ ఇసుగొచ్చిందిలే."

చివరి మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కమిషనర్ గడియారం చూసుకుంటున్నాడు. ఆశీర్వాదం ఏడుస్తూనే స్క్రూ తిప్పాడు. బరబర ఆగింది, ఊరు కడిగిన ముత్యంలా పలికింది. అంత ఏడుపులోనూ తన చెవి సంతోషించినందుకు అతనికి సిగ్గేసింది.

పర్యటన దివ్యంగా జరిగింది. ఊరంతా ఒకే గొంతుతో పలికిందని పేపర్లు రాశాయి. పాట అయ్యాక కేపో తీసేయాలి, లేకపోతే తీగలు చెడతాయని మాస్టారు ఆఫీసుకెళ్లి చెప్పాడు. తప్పకుండా తీస్తాం, ఇబ్బంది పడుతున్నవాళ్లే స్వయంగా వచ్చి నోటితో చెబితే చాలన్నారు. గేటు దగ్గరివాళ్లంతా వచ్చి వరసలో నిలబడి పెదాలు కదిపారు. వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపించారు. ఫిర్యాదులేవీ రాలేదు.

సంతోషమ్మ ఒక ఇత్తడి గంట కొనుక్కుంది. బేరాలు సగానికి పడ్డాయి గానీ పూర్తిగా పోలేదు. ఆశీర్వాదం శ్రుతి చూసే మిషను కొనుక్కున్నాడు. అది తప్పు చెప్పదు. పొద్దున్నే పలకరించదు కూడా.

మరుసటేడు పెద్దాయన గొంతు ఇంకాస్త పెరిగిందని పైనుంచి తెలియజేశారు. ఐదో మెట్టు కావాలి. మాస్టారి ఇల్లు నాలుగుకూ ఐదుకూ మధ్యన ఉంది. వేరేవాళ్లు బిగిస్తే బరబరమంటుందేమోనని, పని తనకే ఇమ్మని అతనే అడిగాడు. అదే కేపో, అదే రబ్బరు. ఈసారి ఏ వైపూ వదులుంచలేదు.

కమిషనర్ దగ్గరికొచ్చి చెవొగ్గాడు. "బరబర లేదు కదా మాస్టారూ? మీకేమన్నా అభ్యంతరమా?"

ఆశీర్వాదం నోరు తెరిచాడు. చాలాసేపు పెదాలు కదిపాడు. కమిషనర్ మర్యాదగా అంతసేపూ ఆగి, "లేదన్నమాట" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

చేపల బుట్ట దించి సంతోషమ్మ రెండు స్క్రూలూ వేళ్లతో కదిపి చూసింది. కదల్లేదు. తల ఊపింది. బుట్టలోంచి, ఎప్పుడు కొని ఉంచిందో ఏమో, ఇంకో గంట తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను ఆడించి చూశాడు. శ్రుతి సరిగ్గానే ఉంది.