అడుగుకో నేరేడు పండు

ఒక పెద్ద అడవిలో ఉన్న జంతువులన్నింటిలోకీ గొప్ప ఈతగాణ్ణి నేనే. బడిలో మొదటి ర్యాంకు నాది. నా అంతట నేనుగా నీళ్లలోకి ఎప్పుడూ దిగలేదన్నది నిజమే గానీ, ర్యాంకొచ్చిన కోతిపిల్లకి నీళ్లతో ఏం పని?

మా ఏటికి రెండు ఒడ్లు. తొలకరికి ఇటువైపు ఒడ్డు మునిగిపోతుంది. ఆలోగా పిల్లలంతా ఈత నేర్చి అవతలి గట్టుకు చేరాలి. నేర్పేది నీటికుక్క తుంగమ్మ టీచరు. ఆవిడ పద్ధతి మోటు. మెడ పట్టుకుని నీళ్లలో దింపేది, పొట్టకింద చెయ్యి పెట్టేది, పిల్లాడు గోల పెడుతుండగానే ఆ చెయ్యి మెల్లిగా తీసేసేది. ఏడుస్తూ దిగినవాడు ఈదుతూ వచ్చేవాడు.

ఈ ఏడాది టీచర్లందరికీ శిక్షణ పెట్టారు. నేర్పడానికి నక్క జంబుకేశం గారొచ్చారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా "పిల్లలకు ఉపన్యాసాలు దంచకూడదు" అని ఉపన్యాసం దంచారు. మధ్యలో ముళ్లపంది మేష్టారు గుర్రుపెడితే, "నిద్రపోయేవాడికి ఆసక్తి కలిగించడం ఎలా?" అని దానిమీద ఇంకాసేపు దంచారు. మేష్టారు లేవలేదు.

"తుంగమ్మగారూ, మెడ పట్టుకోవడం అనాగరికం. నీటివైపు అడుగేసిన పిల్లాడికి ఒక నేరేడు పండివ్వండి. అడుగు, పండు. అడుగు, పండు. చివరికి వాడే దిగుతాడు. ఇది సిద్ధాంతం!"

తుంగమ్మ మురిసిపోయి బుట్టెడు పండ్లతో వచ్చింది.

మేమూ మురిసిపోయాం. ఒకడుగు ముందుకేసేవాళ్లం, పండు తినేవాళ్లం. ఆవిడ బుట్టలోకి వంగగానే ఒకడుగు వెనక్కేసేవాళ్లం. మళ్లీ ముందుకు! మూతులు నల్లబడ్డాయి, కాళ్లు తడవలేదు. అందరికంటే ఎక్కువ అడుగులు నావి. మరి ర్యాంకు ఊరికే వస్తుందా?

జంబుకేశం గారు తనిఖీకొచ్చి చంకలు గుద్దుకున్నారు. "ఆహా, నీటివైపు ఎన్ని అడుగులో!"

ఎలుగుబంటి గంగులమ్మకి ఒక్కగానొక్క కొడుకు, బూరుగు. ఆవిడ ముందుకొచ్చి అడిగింది.

"అడుగులు సరే సారూ, మావోడు నీళ్లల్లో దిగాడా?"

"తప్పమ్మా! ఫలితం చూడకూడదు. ప్రక్రియ చూడాలి."

"ఏరు పొంగితే ప్రక్రియ పట్టుకుని ఈదాలా?"

"చదువుకోని తల్లిదండ్రులతో ఇదే చిక్కు" అన్నారాయన తుంగమ్మతో. ఆవిడ తలూపింది.

ఏరు పొంగింది.

పిల్లలమంతా ఒడ్డున నిలబడి, ఒకడుగు ముందుకేసి, చేతులు చాచాం. తుంగమ్మ చెయ్యి దానంతటదే బుట్టలోకి వెళ్లింది. ఖాళీ. మేం వెనక్కేశాం. మళ్లీ ముందుకేసి చాచాం. మళ్లీ బుట్టలో చెయ్యి!

"పండివ్వండమ్మా, పండు!" బండమీంచి జంబుకేశం గారు.

"అయిపోయాయి సార్!"

నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. బూరుగు ఇంకా అరచెయ్యి చాచే ఉన్నాడు.

గంగులమ్మ వాడి మెడ పట్టుకుని దభీమని దూకింది. ఏటి మధ్యలో చెయ్యి వదిలేసింది. వాడు మునిగాడు, తేలాడు, అమ్మని నానా తిట్లూ తిట్టుకుంటూ అవతలి గట్టెక్కాడు. అది చూశాక గానీ తుంగమ్మ బుట్ట వదల్లేదు. ఇద్దరూ కలిసి మా అందరినీ మెడలు పట్టుకుని చేరవేశారు.

ఆఖర్న బండమీద జంబుకేశం గారొక్కరే మిగిలారు.

"దూకండి సారూ" అంది గంగులమ్మ.

"నాకు రాదమ్మా."

"ఈత నేర్పేవాళ్లు కదా!"

"ఈత నేర్పడం ఎలాగో నేర్పేవాణ్ణి తల్లీ! ఈతతో నాకేం సంబంధం?"

ఆయన్నీ మెడ పట్టుకునే తెచ్చింది. గట్టెక్కి తోక దులుపుకుని ఆయన సింహరాజుగారికి విన్నవించారు: "పిల్లలంతా క్షేమంగా అవతలికి చేరారు. సిద్ధాంతం ఫలించింది."

నీతి: ఈత రానివాడే ఈత గురించి నీళ్లు నమలకుండా మాట్లాడగలడు.

ఇక దాచి లాభం లేదు. జంబుకేశం గారికి సహాయ శిక్షకుడు కావాల్సొస్తే, మొదటి ర్యాంకు చూసి నన్నే వేశారు. వరద తీసింది, రేపు మా పాత ఒడ్డున నా తొలి ఉపన్యాసం. నేను కాళ్లావేళ్లా పడితే, గంగులమ్మ వీపుమీద దాటించడానికి ఒప్పుకుంది.