పద్దెనిమిది సుప్రజ, పదహారున్నర సుప్రజ

ఫాలికిల్ కొలత స్కాన్ చేసిన ఇద్దరికి రెండు రకాలుగా రావడంతో, కాకినాడలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో మంగళవారం ఉదయం సుప్రజ నిబంధన ప్రకారం ఇద్దరైంది.

అండం పెరిగే ఆ నీటి సంచిని అక్కడ ప్రతిసారీ ఇద్దరు స్కాన్ చేస్తారు. నాగలక్ష్మికి పద్దెనిమిది మిల్లీమీటర్లు వచ్చింది, ఎలీషాకి పదహారున్నర. ఎవరూ తప్పు కొలవలేదు. అది గుండ్రంగా ఉండదు, వేళ్లతో నొక్కిన నిమ్మకాయలా ఉంటుంది. గీత ఎక్కణ్ణుంచి గీశారన్న దాన్నిబట్టి అంకె మారుతుంది. పద్దెనిమిదైతే ఆ రాత్రే అండం విడుదలకి ఇంజెక్షన్ చెయ్యాలి. పదహారున్నరైతే రెండు రోజులు ఆగాలి. తొందరపడితే అండం పచ్చిగా ఉంటుంది, ఆలస్యమైతే చేజారిపోతుంది. ఇంక చాలనుకున్నాక సుప్రజ చేస్తున్న ఆఖరి ప్రయత్నం ఇది. పూర్వం రెండు అంకెలకీ సగటు తీసేవారట. సగటు మనిషి ఎవరూ వైద్యానికి రాకపోవడంతో అది మానేసి, అంకెకో మనిషిని చేస్తున్నారు.

కౌంటర్లో సరోజిని చెరో టోకెన్ ఇచ్చి, రెండో ఆవిడకి చెప్పులు కేంద్రం తరఫున ఇవ్వరని చెప్పింది. పక్క కుర్చీలో ఒకామె జరిగి చోటిచ్చింది.

"మీ చెల్లెలాండి?"

"కాదండి, నేనే."

"ఓహో. మా ఆడపడుచు రెండో స్కాన్‌కి ముగ్గురైందండి. వంటకి ఇబ్బంది లేదు."

బయట స్కూటర్ మీద కూర్చున్న భర్త చక్రధర్ ఇద్దర్నీ చూసి, స్కూటర్ అక్కడే వదిలేసి ఆటో పిలిచాడు.

రాత్రి పద్దెనిమిది సుప్రజ ఇంజెక్షన్ చేయించుకుంది. పదహారున్నర సుప్రజ చేయించుకోలేదు. ఇంట్లో పనులు వాటంతటవే సర్దుకున్నాయి. ఆఫీసు కాల్స్, అత్తగారికి ఫోన్‌లో విశేషమేమీ లేదని చెప్పడం పదహారున్నర చూసుకుంది. పద్దెనిమిది మెట్లు నెమ్మదిగా దిగడం, పేర్లు ఆలోచించడం చూసుకుంది.

గురువారం పద్దెనిమిదికి ఒక గదిలో చికిత్స పూర్తయింది. పక్క గదిలో పదహారున్నరకి ఫాలికిల్ కనబడలేదు. అది ఇంజెక్షన్ కోసం ఆగకుండా దానంతటదే పగిలిపోయింది. ఈసారి నాగలక్ష్మికీ ఎలీషాకీ భేదాభిప్రాయం రాలేదు. లేనిదాన్ని కొలవడంలో తేడా రాదు.

పదహారున్నర ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచింది. సాయంత్రం పద్దెనిమిది బట్టల బకెట్ ఎత్తబోతుంటే వచ్చి పట్టుకుంది.

"నీకు బాధగా లేదా?" అంది పద్దెనిమిది.

"ఉంది. ముందు బకెట్ వదులు."

రెండు వారాల తర్వాత పద్దెనిమిది రక్తపరీక్షలో గర్భం నిలిచిందని తేలింది. ఇంకొన్నాళ్లకి స్కాన్. బిడ్డ పొడవు మళ్లీ ఇద్దరికీ రెండు రకాలుగా వచ్చింది కానీ, గుండె కొట్టుకుంటోందా అన్నచోట ఇద్దరూ అవుననే రాశారు. అంటే నిబంధన ప్రకారం సుప్రజలు ఒకరైపోవాలి. రెండో ఆవిడ టోకెన్ వాపసు ఇమ్మని సరోజిని చెయ్యి చాపింది.

"తను ఉంటుందండి," అంది పద్దెనిమిది. "ఈ నెలలన్నీ భయపడటానికి ఒకరు కావాలి. నాకు తీరదు."

సరోజిని చెయ్యి వెనక్కి తీసుకుంది. "అందరూ అలాగే అంటారండి. నా రెండోదీ ఇంట్లోనే ఉంది. మా బాబు ఆరో తరగతి ఇప్పుడు."

బయట చక్రధర్ ఆటో మాట్లాడుతున్నాడు. ఎంతమందని డ్రైవర్ అడిగితే, కాసేపు ఆలోచించి, నలుగురన్నాడు. డ్రైవర్ అద్దంలో చూశాడు. ముగ్గురే కనబడ్డారు. గోతులు తప్పించుకుంటూ బండి నెమ్మదిగా పోనిచ్చాడు.