పడుకునే ముందు ఒకటి

ఆ రోజు పొద్దున మందుల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. గడువు దాటిన దగ్గుమందు సీసాలన్నీ ఏరి, అట్టపెట్టెలో సర్ది, కంపెనీకి తిప్పి పంపడం. పెట్టె తెచ్చుకున్నాడు, స్టూలు ఎక్కాడు, మొదటి సీసా చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఎదురు షాపు అద్దాల తలుపు తెరుచుకుంది. ఇంకేముంది, పని ఆగిపోయింది. ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళిందెవరో చూడకపోతే ఆయనకు ఏమీ తోచదు.

వీధిలో అందరూ ఆయన్ని ఉందయ్య అంటారు. అసలు పేరు గోడ మీది లైసెన్సు కాగితంలో ఉంది గాని దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఏ మందు అడిగినా ఆయన "ఉంది" అంటాడు. షాపులో ఉంటే సరేసరి. లేకపోతే "ఉంది, సాయంత్రానికి వస్తుంది" అంటాడు. "లేదు" అన్న మాట వాళ్ళ నాన్న ఏనాడూ అనలేదు, ఈయనా అనలేదు. ఎదురుగా చల్లగాలి యంత్రాలూ, అద్దాల అరలూ, టై కట్టుకున్న మేనేజరూ గల కొత్త షాపు వెలిశాక సగం మంది అటు జారిపోయారు. మిగిలిన సగాన్ని పట్టి ఉంచుతున్నది ఆ ఒక్క మాటే. అది కూడా పోతే షట్టరు దించి ఇంట్లో కూర్చోవలసిందేనని ఆయనకు తెలుసు.

"అలా చూస్తూనే కూర్చోండి. మీ చూపులకే వాళ్ళు మూసేసుకుని పోతారు," అంది గల్లా దగ్గరున్న భార్య.

షాపు మీది వాటాలో పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది. హస్తవాసి మంచిదే గాని ఆమెకు పుస్తకాల పిచ్చి. అందులోనూ అన్ని పుస్తకాలూ కావు. రాజులూ, కోటలూ, ఎగిరే గుర్రాలూ ఆమెకు గిట్టవు. మాయ జరగాలి, కాని అది బస్టాపులో జరగాలి. దెయ్యం ఉండాలి, కాని అది కరెంటు బిల్లు కట్టడానికి మనతో పాటు వరసలో నిలబడాలి. ఇలా నేటి నగరంలో మాయలు నడిపించే రచయితల పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒంటరిగా చదివీ చదివీ ప్రాణం విసిగి, తోటి పాఠకుల కోసం కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ సిఫారసు చేస్తుంది. నోట్లో డ్రిల్లు ఉన్న మనిషి కాదనలేడు కదా! పుస్తకం పేరు మాత్రం చెప్పదు, రచయిత పేరే చెబుతుంది. పుస్తకం పేరు చెబితే ఒక్కటి చదివి ఊరుకుంటారనీ, రచయిత పేరు చెబితే అంతు చూసేదాకా వదలరనీ ఆమె సిద్ధాంతం.

ఆ పొద్దున దవడ పన్ను తీయించుకోవడానికి లెక్కల టీచరు వచ్చింది. భయం పోవడానికి తనే మాట కలిపింది. "డిటెక్టివ్ నవలలంటే విసుగొచ్చేసిందండీ. హంతకుడెవరో మూడో పేజీలోనే తెలిసిపోతున్నాడు. ఇంకేమైనా మంచివుంటే చెప్పండి," అంది. డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. మత్తు సూది ఇచ్చి, పన్ను పీకి, దూది కుక్కి, ఆ సంతోషంలో చేతికి అందిన మందుల చీటీ మీదే "వెలిన్ డోరాక్" అని రాసేసింది. అలవాటు పడ్డ చెయ్యి అక్కడితో ఆగలేదు. "రోజూ ఒకటి, రాత్రి భోజనం తర్వాత, పడుకునే ముందు" అని కింద చేర్చింది. ఒకటి అంటే ఒక అధ్యాయమని రాయడం మరిచిపోయింది. నొప్పి మాత్రల చీటీతో కలిపి దాన్ని కూడా టీచరు చేతిలో పెట్టింది. తాను ఏమడిగిందో ఆ క్షణాన టీచరుకే గుర్తులేదు.

డాక్టరు రాసిన చీటీని రోగి చదివే ఆచారం లోకంలో ఎక్కడా లేదు. టీచరు బుగ్గ పట్టుకుని మెట్లు దిగి, రెండు చీటీలూ ఉందయ్య ముందు పెట్టింది. ఆయన మాత్రలు ఇచ్చి, రెండో చీటీ చూశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అదే ఆయన్ని భయపెట్టింది. చదవలేని మందులను ఊహించి ఇవ్వడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఇంత చక్కగా చదవగలిగి కూడా ఏమిటో తెలియని మందు తగలడం ఇదే మొదలు.

"ఉంది," అన్నాడు.

టీచరు చెయ్యి చాపింది. మాట్లాడదామంటే నోట్లో దూది.

"రేపు పొద్దున్నే వస్తుందమ్మా. మీరు మాత్రం ఎదురు షాపుకి వెళ్ళకండి. అక్కడ అంతా పై మెరుగే, సరుకుండదు."

ఆమె అటు వెళ్ళగానే ఉందయ్య డిస్ట్రిబ్యూటరుకు ఫోన్ చేశాడు. "వెలిన్ డోరాక్ కావాలండీ. అర్జెంటు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "డోరాకా? ఎంత పవరు?"

"పవరు రాయలేదు. రాత్రి పూట ఒకటట."

"ఓ, ఆ డోరాకా! అలా చెప్పండి మరి. మార్కెట్లో బాగా గిరాకీగా ఉంది. మీరు కాబట్టి ఒక పెట్టె పంపిస్తాను."

అదేమిటో తెలియదని ఆయన ఒప్పుకోలేదు, అదేమిటని ఈయన అడగలేదు. దొందూ దొందే.

మర్నాడు పెట్టె రాలేదు. టీచరు వచ్చింది. "ఉందమ్మా, దారిలో ఉంది," అన్నాడు ఉందయ్య. టీచరు ఆ ముక్క స్కూల్లో చెప్పింది. దొరికే మందును ఎవరూ లెక్కచెయ్యరు గాని, దొరకని మందు అనేసరికి మనిషికి ఎక్కడలేని గౌరవం పుట్టుకొస్తుంది. సాయంత్రానికల్లా డ్రిల్లు మాస్టారు షాపు ముందు తేలాడు.

"ఆ కొత్త మందు నాకూ ఒకటి పక్కన పెట్టండి. ఇంతకీ దేనికి పనిచేస్తుందది?"

"మీకేమిటి బాధ?"

"మోకాళ్ళ నొప్పులు."

"దానికే," అన్నాడు ఉందయ్య.

ఆయన తర్వాత అజీర్ణం వచ్చింది, ఆ వెనక నడుము నొప్పి వచ్చింది. అన్నింటికీ అదే అన్నాడు. చాలా రోజుల తర్వాత షాపు ముందు నలుగురు నిలబడ్డారు. ఆయన భార్య కూడా ఆ పూట దెప్పకుండా ఊరుకుంది.

అదే వేళకు డాక్టరమ్మ టీచరుకు ఫోన్ చేసింది. "వాపు తగ్గిందా? నేను రాసింది మొదలుపెట్టారా?"

"దొరకలేదండీ. తెప్పిస్తామన్నారు."

"అయ్యో, నన్నడిగితే మా ఇంట్లోది ఇచ్చేదాన్ని కదా! మా అత్తగారికి కూడా అదే ఇచ్చాను."

"ఆవిడదీ దవడ పన్నేనా?"

"ఆవిడకు పళ్ళెక్కడివండీ! ఊరికే, పొద్దుపోవడానికి ఇచ్చాను. ఇక చూడండి, నిద్ర మానేసింది. తనలో తను నవ్వుకుంటుంది. మొన్న సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి దాంతో మాట్లాడుతోంది."

"ఆపేయించకపోయారా?"

"ఆపితే ఊరుకుంటుందా? ఒకసారి దాచేస్తే ఇల్లంతా గాలించింది. మరిగితే అంతేనండి. మీకూ వారంలో తెలిసొస్తుంది. పిల్లలకు మాత్రం అప్పుడే ఇవ్వకండి."

ఫోన్ పెట్టేశాక టీచరుకు భయమేసింది. భయం వెనకాలే, ఆ అత్తగారు అంతలా నవ్వుతోందంటే అందులో ఏముందో చూడాలని కూడా అనిపించింది. ఏ లెక్కనైనా రెండోసారి సరిచూడందే వదలని మనిషి కనుక తిన్నగా ఎదురు షాపుకు వెళ్ళింది.

మేనేజరు కంప్యూటరులో వెతికాడు. "ఆ పేరుతో అసలు మందే లేదు మేడమ్."

"అదేమిటి, ఉందయ్యగారు ఉందన్నారే! నిద్ర పట్టదట, నవ్వొస్తుందట, మరిగితే వదలదట..."

మేనేజరు టై సవరించుకున్నాడు. లేని మందు, అదీ మత్తు మందు! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆమె గుమ్మం దాటేలోపే ఫోన్ అందుకున్నాడు.

మర్నాడు డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన సంచీ బల్ల మీద పెట్టేసరికి వీధి వీధంతా షాపు ముందుంది. టీచరు ఒక మూల, డ్రిల్లు మాస్టారు ఒక మూల. మేనేజరు తన అద్దాల తలుపు దగ్గర చేతులు కట్టుకుని, తమాషా చూస్తున్నాడు.

"వెలిన్ డోరాక్ అనే మందు మీ దగ్గర ఉందా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

ఉందంటే లైసెన్సు పోతుంది. లేదంటే, ఈ నలుగురి ఎదుటా, ఆ మేనేజరు వింటుండగా, మిగిలిన ఒక్క మాటా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏవండీ, మీకు దండం పెడతాను. ఒక్కసారి లేదనండి," అంది భార్య మెల్లగా.

"మా నాన్న ఏనాడూ..."

"మావయ్యగారికి నేను చెప్పుకుంటాను. ఫోటోలో ఉన్న మనిషి, ఎక్కడికీ లేచిపోరు. ముందు ఆ మాట అనండి!"

ఉందయ్య కళ్ళు మూసుకున్నాడు. "లే..." అని ఆగాడు. ఆ మాటకు ఆయన గొంతు అలవాటు పడలేదు. మళ్ళీ ఊపిరి పీల్చుకుని, "లేదండీ. నా దగ్గర లేదు. అదేమిటో కూడా నాకు తెలియదు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. టీచరుకు తన దవడ పన్ను తన దవడలోనే ఉండిపోతే బాగుండేదనిపించింది.

సరిగ్గా అప్పుడే పార్సిలు స్కూటరు వచ్చి ఆగింది. "ఉందయ్యగారూ! డోరాక్ వచ్చింది! సంతకం పెట్టండి!" అని వీధి చివరికి వినబడేలా కేక.

ఇన్‌స్పెక్టరు ఉందయ్యను ఒక చూపు చూసి, పెట్టె టేపు తనే కోశాడు. లోపల మాత్రలు లేవు, సీసాలు లేవు. పుస్తకాలు. అట్టల మీద రాత్రి వేళ ఒక పెద్ద వీధి, వీధి దీపం కింద గొడుగు వేసుకున్న దెయ్యం, దాని కింద రచయిత పేరు. సంగతేమిటంటే, ఆ పేరు డిస్ట్రిబ్యూటరుకు మందుల జాబితాలో ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక పుస్తకాల గోదాములో దొరికింది. ఇది పుస్తకమటండీ అని ఫోన్ చేస్తే మొదట తెలియదని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని కిమ్మనకుండా పెట్టె పంపేశాడు.

గోల విని డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాక్కుని పరుగున దిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు గాని, జనం గాని ఆమె కంటికి ఆనలేదు. "డోరాక్! ఇన్ని కాపీలా! మన వీధిలోనా!"

"డాక్టరుగారూ," అంది టీచరు నీరసంగా, "మీ అత్తగారు వాడుతున్నది ఇదేనా?"

"వాడటమేమిటండీ, చదువుతోంది! ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక యక్షిణి కాపురముంటుంది లెండి, ఈ కథలో. చివరికి దాని మొగుడే..."

"ముందే చెప్పకండి!" అని గట్టిగా అరిచాడు ఇన్‌స్పెక్టరు. ఆయన అప్పటికే మూడో పేజీలో వేలు పెట్టుకుని ఉన్నాడు.

తర్వాత తేరుకుని, పుస్తకాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు. తయారైన తేదీ లేదు, గడువు తేదీ అసలే లేదు. "ఇది మందు కాదు. మందు కానిదానితో నాకు పని లేదు," అని తీర్పు చెప్పి, ఒక కాపీకి డబ్బిచ్చి సంచీలో వేసుకున్నాడు. ఇక జనం పెట్టె మీద పడ్డారు.

"మరి నా మోకాళ్ళ సంగతి?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"వాటికి ఇదే మందు. పట్టుకుంటే కూర్చున్న చోటు నుంచి లేవరు," అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నానికి అట్ట నలిగిన కాపీ ఒక్కటే మిగిలింది. ఉందయ్య దాన్ని కోపంగా చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళ నాన్న మాట పోగొట్టినది ఏపాటి సరుకో చూద్దామని మొదటి పేజీ తెరిచాడు. ఆ పూట భోజనానికి లేవలేదు. తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాళ్ళకు తల ఎత్తకుండానే వేలితో ఎదురు షాపు చూపించాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎండైనా వానైనా ఆయన్ని వదలని పాతవాళ్ళంతా ఆయన వేలు పట్టుకునే వీధి దాటారు. భార్య నెత్తీ నోరూ బాదుకుంది. ఆయన పేజీ తిప్పుకున్నాడు.

ఎదురు షాపు మేనేజరు పంటి నొప్పేమీ లేకుండానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, అలాంటివి రాసే మరికొందరి పేర్లు చీటీ మీద రాయించుకున్నాడు. ఉందయ్య ఒకటి ముగించే వేళకు తర్వాతిది కొని, స్వయంగా తెచ్చి చేతికిస్తున్నాడు.