మా ఊరి మీద దుమ్ము గొడుగు

దుమ్మును తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. చేసిన మేలు మరిచిపోయే మనుషులంటే వాళ్ళే!

మీరే ఆలోచించండి. ఎండలు మండిపోతున్నాయని లోకమంతా గోల పెడుతోంది. ఆ ఎండలో కొంత భాగాన్ని నేలదాకా రానివ్వకుండా పైనే అడ్డుకుని వెనక్కి పంపేది ఎవరు? గాలిలో తేలే సన్నటి రేణువులు. ఇది నా కల్పన కాదు. సైన్సు టీచరు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. వెంట్రుక మందాన్ని ముప్ఫై భాగాలు చేస్తే ఒక భాగం ఎంతుంటుందో, అంతే ఉంటాయట వాటిలో కొన్ని. అంత చిన్నవి సూర్యుడికి ఎదురు నిలబడుతుంటే, మనం మూతికి గుడ్డ కట్టుకుని వాటిని అవమానిస్తున్నాం.

ఈ విషయంలో మా ఊరు పెట్టి పుట్టింది. రెండేళ్ళ కిందట ఊరి చివర కొండ పక్కన కంకర క్రషర్ పెట్టారు. అది పగలంతా కొండను నమిలి, కంకరను లారీలకు, దుమ్మును మాకు ఇస్తుంది. అప్పటినుంచి ఊరంతటికీ ఒకటే గొడుగు, అదీ ఉచితంగా!

లాభాలు ఒకటా రెండా? బడిలో చిత్తు పుస్తకాల ఖర్చు తప్పింది. బెంచీ మీద వేలితో లెక్క చేసుకుని, తప్పయితే అరచేత్తో తుడిచేస్తాం. పై పీరియడుకల్లా బెంచీ మళ్ళీ సిద్ధం. తెల్ల చొక్కా, నల్ల చొక్కా అన్న తేడా పోయింది. సాయంత్రానికి అందరిదీ ఒకటే రంగు. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు ఇల్లు ఊడుస్తుంది. దీనికి డబ్బిచ్చి వ్యాయామశాలలకు వెళ్ళేవాళ్ళు ఉన్నారని ఆమెకు తెలియదు పాపం.

ఇక మేఘాల సంగతి. ఆవిరి చుక్కగా మారాలంటే పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. రేణువే లేకపోతే మేఘమే లేదు. అయితే మా ఊళ్ళో వానలే వానలు అనుకుంటున్నారా? రేణువులు మరీ ఎక్కువైతే ఒక్కోసారి ఉన్న నీటిని అన్నీ కలిసి పంచుకుంటాయట. ఒక్కోదాని వాటాకు వచ్చే చుక్క కిందపడేంత బరువు కూడా ఎక్కదట. మనుషులకు చేతకాని సమానత్వం అక్కడ అమలవుతోంది. నల్లటి మేఘం మా చేను మీదికి వస్తుంది, కాసేపు నిలబడుతుంది, పలకరించి వెళ్ళిపోతుంది. నాన్న గట్టు మీద తలెత్తుకుని కూర్చునే ఉంటాడు.

ఒక్క చిన్న చిక్కుంది. క్రషర్ జనరేటరు నుంచి వచ్చే నల్లటి మసి మాత్రం ఎండను వెనక్కి పంపదు, వేడిని తనలోకి లాక్కుంటుంది. అంటే ఒక చేత్తో గొడుగు పట్టి, రెండో చేత్తో దాని కింద పొయ్యి వెలిగించినట్టు. ఈ మాటే నాన్న అడిగితే మేనేజరు నవ్వి, చెల్లుకు చెల్లు అన్నాడు.

ఇంత మేలునూ ఓర్చుకోలేని మనిషి మా ఇంట్లోనే ఉంది. మా చెల్లి. తొమ్మిదేళ్ళది. ఊరంతా గొడుగు కింద హాయిగా ఉంటే, దీనికి మాత్రం ఊపిరి అందదు. గుండెల్లో ఎవరో ఈల వేస్తున్నట్టు చప్పుడు. డాక్టరమ్మ ఇన్‌హేలర్ చేతికిచ్చి, ఇంకో ఏడాది ఈ దుమ్ములోనే ఉంటే ఊపిరితిత్తులు ఇక బాగుపడవని చెప్పింది. సరిగ్గా అప్పుడే పాత క్రషర్ పక్కన కొత్తది పెడుతున్నారని తెలిసింది. కొత్తదాన్ని ఆపమని, పాతదాంట్లో కంకర మోసే బెల్టుకైనా రేకులు కప్పి నీళ్ళు చల్లమని నాన్న అడిగి వచ్చాడు. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, గాలి బాగాలేదని దుమ్ము కొలిచే మీటరు చెబితే రేపే ఆపేస్తానన్నాడు.

ఆ మీటరు మా బడి డాబా మీద ఉంది. దాన్ని చూసుకునేది అటెండరు బాబాయి. సుద్దముక్క కూడా ఇంటికి తీసుకెళ్ళని నిజాయితీపరుడు. మీటరుతోపాటు వచ్చిన కాగితంలో ‘పరికరమును దుమ్ము నుండి కాపాడవలెను’ అని ఉంది. బాబాయి కాపాడాడు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, మందపాటి ప్లాస్టిక్ కవరు తొడిగి, పురికొసతో మూడు చుట్లు చుట్టి ముడివేస్తాడు. ఎనిమిది నెలలుగా మా ఊరి గాలి నడిసముద్రంలో గాలికన్నా శుభ్రంగా నమోదవుతోంది.

మొన్న కొత్త క్రషర్‌కు అనుమతి ఇవ్వడానికి ఆఫీసరు వచ్చారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ డాబా ఎక్కారు. రీడింగులు చూసి ముచ్చటపడ్డారు. ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ మీటరును ఇంత కొత్తగా ఉంచినవాళ్ళను చూడలేదని బాబాయి భుజం తట్టారు.

నాన్న ముందుకు వెళ్ళాడు. “సార్, ఒక్కసారి ఆ కవరు తీయించండి.”

“తీస్తే దుమ్ము పడుతుంది కదయ్యా,” అన్నారు ఆఫీసరు.

“పడాలనే కదా సార్ పెట్టింది.”

ఆఫీసరు బాబాయి వైపు చూశారు. బాబాయి నొచ్చుకున్నాడు. “అంత మాటనకు అన్నయ్యా. ఖరీదైన మిషన్. లోపలికి దుమ్ము పోయి పాడైతే నా ఉద్యోగం ఉంటుందా?”

అదీ నిజమే అన్నారు ఆఫీసరు. సంతకం పెట్టబోతూ కాగితం మీది దుమ్మును ఒకటికి రెండుసార్లు ఊదుకున్నారు. తర్వాత పెట్టారు.

పాఠకులారా, నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆఫీసరు గారి చెవిన ఒక్క మాట వేయాలని ఉంది, అంతే. మా ఊళ్ళో ఇంకో మీటరు కూడా ఉంది సార్. అది నాలుగో తరగతి చదువుతోంది. దాని క్లాసు పై అంతస్తులో. గాలి కాస్త బాగున్న రోజున పన్నెండు మెట్లు ఎక్కి ఆగుతుంది. బాగాలేని రోజున ఏడు. ఈ వారమంతా నాలుగే. కరెంటు అక్కర్లేదు. రెండేళ్ళలో ఒక్క రీడింగూ తప్పు చూపలేదు.

లోపం ఒకటే. దీనికి కవరు తొడగడం కుదరదు.