కొరతకు తగిన ఇంగ్లీషు మాట

ఎర్రగుట్టపల్లెలో మంచినీటి షార్టేజి ఏమాత్రమూ లేదనీ, జిల్లా మొత్తానికి అటువంటి ఊరు అదొక్కటేననీ, కనుక మాన్యశ్రీ మంత్రివర్యులు స్వయంగా విచ్చేసి ఆ ఊరికి ప్రశంసాపత్రం బహూకరిస్తారనీ 1963 మే నెలలో ప్రభుత్వ ప్రకటన వెలువడింది. ఇచ్చోడ రోడ్డుకు చేరువగా ఉన్న ఆ ఊరి బావి మార్చిలోనే ఎండిపోయింది. ప్రకటనలో ఆ ముక్క లేదు. ప్రకటనలన్నాక అన్ని ముక్కలూ ఉండవు.

నేను బ్లాకాఫీసులో టైపిస్టును. ఈ కీర్తిలో నాకు వాటా లేదు; అదంతా ఆ ఊరి పట్వారీ హనుమండ్లుది. ముప్పై ఏళ్లు ఉర్దూలో లెక్కలు రాసిన చెయ్యి అది. ఏదైనా లేకపోతే 'నదారద్' అని రాసి నిశ్చింతగా నిద్రపోయేవాడు. కాలం మారింది, ఫారాలు ఇంగ్లీషులోకి మారాయి. నదారద్‌కు ఇంగ్లీషు 'నిల్' అని ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. 'వాటర్ షార్టేజి' అన్న గడిలో వాటర్ వరకు చదివి, ఊళ్లో అది లేదు గనుక, గుండ్రంగా 'నిల్' అని రాశాడు.

ప్రకటన వచ్చిన మర్నాడు అతణ్ని వెంటబెట్టుకుని సమ్మవ్వ మా ఆఫీసుకు వచ్చింది. ఊరి ఆడవాళ్లంతా నీళ్లకోసం రెండు మైళ్లు నడుస్తున్నారు. వాళ్ల తరఫున మాట్లాడే నోరు ఆమెది. మా బి.డి.ఓ. లింగమూర్తిగారు ఇంగ్లీషు డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నారు.

"సారూ, బాయిల నీళ్లు లేవు. జర కొత్త బాయి తవ్విపియ్యుండ్రి."

"లేవంటే ఎలా లేవమ్మా?"

"ఎట్ల లేకుంటె గట్లనే లేవు సారూ."

లింగమూర్తిగారు పేజీలు తిప్పారు. "షార్టేజి అనడానికి వీల్లేదు, అది నిల్ అని మీరే రాశారు. స్కేర్సిటీ అనే అధికారం కలెక్టరుగారిది. డెఫిషెన్సీ డాక్టర్ల మాట. డెర్త్ అని ఒకటుంది..."

"వద్దు సారూ," అన్నాడు హనుమండ్లు. "ఇన్నోళ్లు ఎవలో సచ్చిపోయిండ్రనుకుంటరు."

"ఇన్‌సఫిషియెంట్ అనాలంటే కొంతైనా ఉండాలి. ఉన్నాయా?"

"రెండు కప్పలుండె సారూ," అంది సమ్మవ్వ. "అవ్విగూడ మొన్న ఎల్లిపోయినయి."

"వాంట్ అంటే లేకపోవడమూ, కోరుకోవడమూ రెండూనట."

"మాకు గా రెండూ ఉన్నయి సారూ!"

ఆయన డిక్షనరీ మూశారు. మంత్రిగారి మాటకు భంగం కలగని పదం అందులో లేదని తేల్చారు. అంత పుస్తకం రాసినవాళ్ల అశ్రద్ధకు ఆయన ఎంతో బాధపడటం నేను కళ్లారా చూశాను. పదం దొరకనప్పుడు పదార్థమే తేవాలని అప్పటికప్పుడు నిశ్చయించారు.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున ఇరవై ఎడ్లబండ్లు పక్క ఊరి నుంచి పీపాలతో నీళ్లు తెచ్చి ఎండిన బావిలో పోశాయి. పదింటికి మంత్రిగారి కారు వచ్చింది. ఆయన జలసమృద్ధి గురించి నలభై నిమిషాలు ఇంగ్లీషులో ప్రసంగించారు. ఆడవాళ్లకు అది అర్థం కాకపోవడంతో కాలం వృథా చేయక, ఒక్కొక్కరే లేచి వెళ్లి బావిలో నీళ్లు తోడుకున్నారు. బిందెలు నిండాయి, కాగులు నిండాయి, గోలాలు నిండాయి.

ప్రసంగం ముగించి, ఫొటో కోసం మంత్రిగారు బావిలోకి బొక్కెన వదిలారు. అది రాళ్ల మీద ఖంగుమంది.

"ఫుల్లీ యుటిలైజ్డ్, సర్!" అన్నారు లింగమూర్తిగారు. ప్రాణం మీదికి వస్తే మనిషికి ఎంత భాష వస్తుందో!

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "ఎక్సలెంట్! ఒక్క డ్రాప్ మిగల్చలేదు! దీన్నే ప్రోగ్రెస్ అంటారు."

"సార్, కొత్త బావి..." అని నసిగాడు హనుమండ్లు.

"నో నెసెసిటీ," అని మంత్రిగారు కారెక్కారు.

"గా సారు ఏమన్నడే పట్వారీ? పుల్లీ ఏందది?" అని అడిగింది సమ్మవ్వ.

"అయిపోయినయని చెప్పుడే వదినె. జర ఇజ్జత్‌తోటి చెప్పుడు."

సమ్మవ్వ ఆ మాటను రెండుసార్లు పైకి అనుకుని కంఠతా పట్టింది.

కారు మూడు ఫర్లాంగులు వెళ్లి, పొగలు కక్కుతూ ఆగిపోయింది. డ్రైవరు డబ్బా పట్టుకుని పరుగున వచ్చాడు.

"అవ్వా, ఇంజన్ల పొయ్య నీళ్లు గావాలె!"

సమ్మవ్వ తన వాకిట్లోని నిండు నీళ్ల గోలెం మీద మూత సవరించింది. "పుల్లీ యుటిలైజుడు, బిడ్డా."

డ్రైవరు వెళ్లిపోయాడు. కాసేపటికి మంత్రిగారే వచ్చారు, కాలినడకన, నెత్తిన రుమాలు వేసుకుని. ఆ రోజు మొదటిసారిగా ఇంగ్లీషు లేని వాక్యం పలికారు.

"అవ్వా, తాగడానికి ఇన్ని నీళ్లు లేవా?"

"ఉన్నయి సారూ. జర గీ కాయిదం మీద దస్కతు పెట్టుండ్రి."

హనుమండ్లు తెలుగులో రాసిన కాగితం అది. 'నీళ్లు లేవు. బావి కావాలె.' అంతే ఉంది.

"సర్, అందులో సరైన పదం..." అని లింగమూర్తిగారు డిక్షనరీ విప్పబోయారు.

"పదం తర్వాతయ్యా! ముందు చెంబు!" అని మంత్రిగారు బోర్లించిన బిందె మీద కాగితం పెట్టి సంతకం చేశారు. రెండు చెంబులు తాగారు. మూడోది నెత్తిన పోసుకున్నారు.

సోమవారం నాడు బావి తవ్వకం మొదలైంది. ఆ పొద్దుటి పత్రికలో మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వార్త పడింది: 'ప్రజల కష్టసుఖాలు తెలుసుకొనేందుకు మండుటెండలో మంత్రిగారి పాదయాత్ర.'