టాబ్లెట్లకి స్పాట్ వాల్యుయేషన్

పటమటలో ఫిజిక్స్ జ్ఞానేశ్వర్ మాస్టారంటే తెలియనివాళ్ళు తక్కువ. ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతాడు. ఏటా వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళి కట్టలకొద్దీ జవాబుపత్రాలు దిద్ది వస్తాడు. అక్కడ అరమార్కు కూడా అన్యాయంగా వెయ్యడని అతనికి పేరు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎక్కువసార్లు చెప్పింది మాత్రం అతనే.

అంతటి న్యాయవంతుడి గుండెల్లో ఆ వారం రాయి పడింది. దానికి కారణం కూడా అతనే.

జ్ఞానేశ్వర్ భార్య ప్రత్యూషది పెడన. అక్కడి కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళకి ఇంట్లో కూర్చుని టాబ్లెట్ మీద కొత్త కొత్త డిజైన్లు గీసి పంపుతుంది. ఆ టాబ్లెట్ ముసలిదైపోయింది. తెర మధ్యలో వేలెడు మేర చచ్చుబడింది. నెమలిని గీస్తే మెడ ఉండటం లేదు. మామిడిపిందె రెండు ముక్కలై వస్తోంది. పదో తారీఖుకల్లా పన్నెండు డిజైన్లు కావాలని పెడన నుంచి రోజూ ఫోన్లు.

"కొత్తది కొనాలండీ. మెరిడియన్ కొందాం. పెన్ను ఎటు తిప్పితే గీత అటే వస్తుంది. మా ఊళ్ళో గీసేవాళ్ళంతా అదే వాడతారు," అంది ప్రత్యూష.

"చూద్దాం," అన్నాడు జ్ఞానేశ్వర్. చూశాడు కూడా. కాకపోతే వేరేది చూశాడు.

మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూర్చుని ఫోన్‌లో జుమ్రా అనే కొత్త టాబ్లెట్ ప్రారంభోత్సవం చూశాడు. స్టేజీ మీద నల్లచొక్కా కుర్రాడు అటూ ఇటూ తిరుగుతూ ఎనిమిది స్పీకర్లన్నాడు, సినిమాహాలు మీ ఒళ్ళో అన్నాడు, ముందు కొన్న వెయ్యిమందికి కీబోర్డు ఉచితమన్నాడు, ఒకసారి కొన్నాక తిరిగి తీసుకునేది లేదని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట జ్ఞానేశ్వర్ చెవిన పడేలోగానే వేలు వెళ్ళి బటన్ నొక్కేసింది.

భార్య కోసమే కొన్నానని తనకి తాను నాలుగుసార్లు చెప్పుకున్నాడు. క్రికెట్ మ్యాచ్‌లు వచ్చేవారమే మొదలవుతున్న సంగతి ఒక్కసారే గుర్తు చేసుకున్నాడు.

గురువారం పెట్టె కాలేజీకే వచ్చింది. ల్యాబ్ అటెండర్ తెరేసమ్మ దాన్ని బీరువాలో అమ్మీటర్ల పక్కన సర్దుతూ, "ఏంటి సార్ ఇది?" అని అడిగింది.

"ప్రయోగం," అన్నాడు జ్ఞానేశ్వర్. ఆ వారంలో అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఇక మిగిలింది ఒకే దారి. జుమ్రాయే అన్నిటికంటే మంచిదని ప్రత్యూష తన నోటితో తనే అనాలి. అనకపోతే, ఆమెని అడగకుండా, ఆమెకి అక్కర్లేనిది కొన్నట్టు తేలిపోతుంది.

శుక్రవారం కాఫీ దగ్గర మొదలుపెట్టాడు.

"ప్రత్యూషా, మనం తొందరపడకూడదు. బజార్లో ఇప్పుడు మూడున్నాయి. కోరల్, మెరిడియన్, కొత్తగా వచ్చిన జుమ్రా."

"కొత్తగా వచ్చిన దాని సంగతి ఎవరికి తెలుసండీ?"

"అదిగో! పేరు చూసి పడిపోవటమంటే అదే. పెద్ద కాలేజీ వాడి పేపరని మార్కులు వేసేసి, చిన్న కాలేజీ వాడిదని కోసేస్తామా? అందుకే కదా హాల్ టికెట్ నంబరు తీసేసి కోడ్ నంబరు వేసి ఇస్తారు మాకు."

"అయితే ఇప్పుడు టాబ్లెట్లకి కోడ్ నంబర్లు వేస్తారా?"

"వేస్తాను. అట్టలు వేసి పేర్లు కనబడకుండా చేస్తాను. ఏది ఏదో ఎవరికీ తెలియదు. నాక్కూడా."

ప్రత్యూష కాఫీ గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "మంచి ఆలోచనండీ. కానివ్వండి," అంది.

పదిహేనేళ్ళ కాపురంలో ఆమె అంత తొందరగా దేనికీ ఒప్పుకోలేదు. అనుమానించాల్సింది అక్కడే. కానీ గెలుస్తున్నవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూమ్‌కి మేనేజరుగా ఉన్న పాల్, జ్ఞానేశ్వర్ దగ్గర చదువుకున్నవాడే. మాస్టారి మీద గౌరవంతో కోరల్, మెరిడియన్ డెమో పీసులు రెండూ ఆదివారం సాయంత్రం వరకు వాడుకోమని ఇచ్చాడు. జుమ్రా కూడా పాలే ఇచ్చాడని జ్ఞానేశ్వర్ ఇంట్లో చెప్పాడు.

ఆదివారం పొద్దున పడగ్గది తలుపు వేసుకుని మూడింటికీ బ్రౌన్ పేపరు అట్టలు వేశాడు. మూడూ ఒకే సైజు. తెర మీద ఒకే బొమ్మ పెట్టాడు. అట్టల మీద ఎర్రసిరాతో 128, 417, 563 అని రాశాడు. 417 జుమ్రా. ఏ నంబరు దేనిదో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క లేక బొట్టుబిళ్ళ అంటించి సీలు చేశాడు.

హాల్లోకి తెచ్చి పెట్టేసరికి, డిజైన్ల కోసం పెడన నుంచి వచ్చి కూర్చున్న అత్తగారు హనుమాయమ్మ వాటి వంక జాలిగా చూసింది.

"వీటికేమైంది అల్లుడుగారూ? కట్లు కట్టారు?"

"కట్లు కాదు అత్తయ్యగారూ, అట్టలు."

"అయ్యో, ఊడిపోతన్నాయి బాబూ."

అతనికి అదేం పట్టలేదు. పరీక్షకి సాక్షి కావాలి. పై వాటాలో ఉండే ఇంగ్లీషు లెక్చరర్ స్టీఫెన్ గారు స్పాట్ వాల్యుయేషన్‌లో అతని పక్క బెంచీయే. ఆయన్ని పిలుచుకురావటానికి మెట్లెక్కాడు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన స్టీఫెన్ గారు టిఫిను ముగించేదాకా కదల్లేదు.

పావుగంట తర్వాత ఇద్దరూ దిగి వచ్చేసరికి మూడు టాబ్లెట్లూ బడి తెరిచిన రోజు పుస్తకాల్లా నీటుగా ఉన్నాయి.

"ఊడిపోతుంటే సరిచేశానండీ. నంబర్లు మీ చేతిరాతే," అంది ప్రత్యూష.

"శభాష్," అన్నాడు జ్ఞానేశ్వర్ మనస్ఫూర్తిగా.

మొదటి పరీక్ష పెన్నుది. నలభై మార్కులు. ప్రత్యూష 128 మీద నెమలి గీయటం మొదలుపెట్టింది. ముక్కు గీసింది. ముక్కు రాలేదు. మెడ దాకా వెళ్ళాక ముక్కు వచ్చింది. తోక గీస్తుంటే మెడ వచ్చింది.

"ఛీ ఛీ," అన్నాడు జ్ఞానేశ్వర్ కులాసాగా. "ఏ కంపెనీదో పాపం. ఇంత బద్ధకం మా సెకండియర్ పిల్లల్లో కూడా చూళ్ళేదు."

563 ఫరవాలేదనిపించింది. 417 మీద మాత్రం పెన్ను తాకితే చాలు, నెమలి ఈకలతో సహా లేచి కూర్చుంది.

"అబ్బబ్బ! చూశారా స్టీఫెన్ గారూ! కొత్తగా వచ్చినా దీని పనితనం చూడండి!"

స్టీఫెన్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కొత్తగా వచ్చిందని మీకెలా తెలుసు మాస్టారూ?"

జ్ఞానేశ్వర్‌కి పొలమారింది. హనుమాయమ్మ లేచి నెత్తిన తట్టింది. ఆ తట్టటంలో ప్రశ్న గాలికి పోయింది.

రెండోది శబ్ద పరీక్ష. హనుమాయమ్మని వంటగదిలో నిలబెట్టి, మూడింటిలోనూ ఒకే పాట పెట్టాడు.

"128 ఎలా ఉంది అత్తయ్యగారూ?"

"ఎవరో గొంతు పట్టేసి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తన్నట్టుంది బాబూ."

"రాసుకోండి స్టీఫెన్ గారూ. ముప్ఫైకి ఏడు. 417?"

"పక్కనే కూచుని పాడినట్టుంది."

"ముప్ఫైకి ఇరవై తొమ్మిది!" అన్నాడు. స్పీకర్లు ఎనిమిదంటే ఊరికే వస్తాయా అని లోపల మురిసిపోయాడు.

మూడోది ఎండ పరీక్ష. విజయవాడ ఎండలో కనబడని తెర ఎక్కడా పనికిరాదని అతని సిద్ధాంతం. మూడింటినీ బాల్కనీలోకి పట్టుకెళ్ళాడు. 417లో పాత క్రికెట్ మ్యాచ్ పెడితే బంతి మీది కుట్లు కూడా కనబడ్డాయి. 128లో ఎంత వెతికినా ఆటగాళ్ళు లేరు.

"దీంట్లో నా మొహం తప్ప ఏమీ కనబడటం లేదే!"

"అయితే అందులో తెర తప్పేం లేదులెండి," అంది ప్రత్యూష.

మార్కులు కూడారు. 417కి తొంభై ఒకటి. 563కి డెబ్భై ఎనిమిది. 128కి ముప్ఫై ఒకటి. జ్ఞానేశ్వర్‌కి తొంభై ఒకటి చాలదనిపించింది. మోడరేషన్ కింద ఇంకో అయిదు కలిపాడు.

"అవసరమా మాస్టారూ?" అన్నారు స్టీఫెన్ గారు.

"ప్రతిభని గుర్తించాలండీ," అంటూ 128 ఎదురుగా ఎర్రసిరాతో ఫెయిల్ అని రాసి కింద గీత గీశాడు.

హనుమాయమ్మ మనసు కరిగింది. "నాలుగంటే నాలుగే మార్కులు తక్కువ అల్లుడుగారూ. కలిపెయ్యండి, ఎవరి బిడ్డో పాపం."

"వీల్లేదు అత్తయ్యగారూ. ఇలాంటివాటిని పాస్ చేస్తే దేశం ఏమైపోవాలి?"

సంతకాలయ్యాయి. స్టీఫెన్ గారు బొట్టుబిళ్ళ ఊడబీకి కవరు తెరిచారు. "417 జుమ్రా" అని గట్టిగా చదివారు.

జ్ఞానేశ్వర్ కుర్చీలోంచి లేచాడు. "నేను ముందే అనుకున్నాను! అంటే, అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు. పేరు చూడకుండా పని చూస్తే ఇలాగే ఉంటుంది. ప్రత్యూషా, ఇక నీ ఇష్టం. నేనైతే బలవంతం చెయ్యను."

"మీరు ఇన్ని మార్కులు వేశాక నేను కాదంటానా? ఇదే తీసుకుందాం," అంటూ ప్రత్యూష 417 అట్ట విప్పింది.

వెనకాల మెరిడియన్ అని వెండి అక్షరాలు మెరుస్తున్నాయి.

తర్వాత 128 అట్ట విప్పింది. జుమ్రా.

స్టీఫెన్ గారు కాగితం వంకా టాబ్లెట్ల వంకా మార్చి మార్చి చూశారు.

"అట్టలు మార్చేశావా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"ఊడిపోయినవి సరిచేశాను కదండీ. చేతికొచ్చింది చేతికొచ్చినదానికి వేశాను. ఏది ఏదో ఎవరికీ తెలియకూడదన్నారుగా? మీక్కూడా తెలియదన్నారుగా? తెలియనప్పుడు మారితే ఏంటి, మారకపోతే ఏంటి?"

జ్ఞానేశ్వర్ ఇరుక్కుపోయాడు. తనకి తెలుసని ఒప్పుకుంటే పక్క బెంచీ స్టీఫెన్ గారు అక్కడే ఉన్నారు. వచ్చే వేసవికి వాల్యుయేషన్ క్యాంపంతా ఇదే కథ చెప్పుకుంటుంది. తెలియదంటే, తను కొన్నదాన్ని తనే ఎర్రసిరాతో ఫెయిల్ చేసి సంతకం పెట్టాడు.

"రీవాల్యుయేషన్..." అని గొణిగాడు.

"అది ఫెయిలైనవాళ్ళు అడగాలండీ. మీరెందుకు అడుగుతున్నారు?"

స్టీఫెన్ గారు గట్టిగా దగ్గి, ఇంట్లో పనుందని లేచారు. మెట్ల మీద చాలాసేపు ఆయన నవ్వు వినబడింది.

సాయంత్రం జ్ఞానేశ్వర్ డెమో పీసులు రెండూ ఇచ్చేయటానికి షోరూమ్‌కి బయలుదేరాడు. అదే సంచిలో అడుగున జుమ్రాని కూడా పెట్టుకున్నాడు. రేపు పొద్దున దాన్ని మళ్ళీ అమ్మీటర్ల పక్కన దాచాలి. ఈలోగా మెరిడియన్ కొని ఇంటికి తీసుకెళ్ళాలి. దారంతా ఆ పరీక్షలో వంక ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. పరీక్ష తప్పేం లేదు. ప్రత్యూష మెరిడియన్ అని మొదటే చెప్పింది. తనే వినలేదు. అందుకు ఇప్పుడు నిజంగా సిగ్గేసింది.

"పాల్, ఒక మెరిడియన్ ఇవ్వవయ్యా," అన్నాడు కౌంటరు దగ్గర.

పాల్ కింద నుంచి రంగుకాగితం చుట్టిన పెట్టె తీసి ముందు పెట్టాడు. "సిద్ధంగా ఉంది సార్. మేడం నిన్న మీరు డెమోలు తీసుకెళ్ళాక వచ్చి బుక్ చేశారు. మీరొచ్చి అడిగితేనే ఇవ్వమన్నారు."

"నిన్ననా? పరీక్ష కాకముందేనా?"

"అవును సార్. మీ జుమ్రా ఆర్డరు మెసేజి మంగళవారమే మేడం ఫోనుకి వచ్చిందంట. అకౌంట్‌లో నంబరు మేడందే కదా." పాల్ చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా ఇవ్వండి సార్. దానికీ స్క్రీన్ గార్డ్ వెయ్యమన్నారు. మ్యాచ్‌లు చూస్తూ ఉద్రేకంలో ఎక్కడ పడేసుకుంటారోనని."

జ్ఞానేశ్వర్ జుమ్రాని బయటికి తీసి పాల్ చేతిలో పెట్టాడు. మొహం కందగడ్డలా అయింది. అయినా ఎందుకో మనసుకి హాయిగా ఉంది. పక్కకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

"మంగళవారమే తెలిసిపోయిందా నీకు?"

"ఆ."

"మరి ఆదివారం పూట ఇంత తతంగం ఎందుకు జరగనిచ్చావు?"

"అంత కష్టపడి ప్రశ్నపత్రం తయారుచేసుకున్నారు," అంది ప్రత్యూష. "పరీక్ష రద్దు చేస్తే బాధపడతారనీ!"