ఐదుకు సున్నా వేసిన పెద్దమనిషి

సమానత్వం వస్తే అభివృద్ధి ఆగిపోతుంది! ముప్పయ్యేళ్లు ఎకనామిక్స్ పాఠం చెప్పి మనుబోలులో స్థిరపడినవాణ్ణి, ఊరికే అంటానా? మా ఇంట్లోనే రుజువైంది.

కృష్ణపట్నం వైపు ఒక కంపెనీ చుట్టుపక్కల ఊళ్లకు మంచినీళ్లిస్తోంది. ఆ నీళ్లను పరీక్షించే ల్యాబుకు మనిషి కావలసి, సెలక్షన్ కమిటీలో నన్ను మేధావిగా వేశారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు చేపలమ్మే చెంచమ్మ కూతురు ధనలక్ష్మి. కెమిస్ట్రీలో యూనివర్సిటీ ఫస్టు. రెండోవాడు పెంచలప్రసాద్. అదే కెమిస్ట్రీ మూడుసార్లు రాసి గట్టెక్కాడు. వాడి తండ్రిని నేనే.

నిష్పక్షపాతంగా ఉండాలా వద్దా? అందుకే మావాడి ఇంటర్వ్యూ జరుగుతుంటే బయటికెళ్లి కాఫీ తాగాను. ధనలక్ష్మి ఇంటర్వ్యూకు మాత్రం లోపలే కూర్చుని, పర్సనాలిటీకి ఐదుకు సున్నా వేశాను.

ఆ పిల్లకు అన్యాయం జరిగిందనుకునేరు! అదే ల్యాబులో కాంట్రాక్టు మీద ఊడ్చే పని ఇప్పించాం. ఇల్లు గడవాలి గనక చేరింది.

ఇక చూడండి అభివృద్ధి! మావాడు సీసా పట్టుకుని "ధనలక్ష్మీ, ఇది నీలంగా మారింది, ఏం రాయను?" అనేవాడు. ఆమె చీపురు గోడకానించి వచ్చి, మళ్లీ మొదట్నుంచీ తనే పరీక్ష చేసి చెప్పేది. ఏడాదికల్లా మావాడికి ఉత్తమ ఉద్యోగి షీల్డు! ఆ సభలోనే 'సమానత్వం - సుస్థిర అభివృద్ధి' మీద గంటసేపు మాట్లాడి నేనూ శాలువా కప్పించుకున్నాను.

అంతలో తడ దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు ఎంత దుర్మార్గం చేశారో తెలుసా? చదువు చూసి ధనలక్ష్మికి ఉద్యోగమిచ్చేశారు! పర్సనాలిటీ ఊసే ఎత్తలేదట.

మావాడు ఒంటరివాడయ్యాడు. నీళ్లు భేషుగ్గా ఉన్నాయని రోజూ రాసి పారేశాడు.

పది రోజులకు చెంచమ్మ బిందెతో మా గుమ్మంలో దిగింది.

"అయ్యా, మీ అబ్బాయి బాగుండాయని రాసిన నీళ్లు ఇవి. ఒక గలాసు తాగండి."

"ఎందుకమ్మా, నాకు దాహంగా లేదు."

"మా వీధిలో పిల్లోళ్లందరికీ కడుపునొప్పి. తాగి చెప్పండయ్యా, సదువుకున్నోరు."

మా ఆవిడ వెంకటశేషమ్మ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్క గుక్కకే నోరంతా ఉప్పు, అడుగున ఏదో కంపు. మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయాను.

"ఎట్టుండాయి?"

"బాగాలేవు" అన్నాను.

"ఆ మాటే కాగితం మీద రాసియ్యండి. మేం చెప్తే ఇనేవోళ్లు లేరు."

రాసిచ్చాను. మావాడి ఉద్యోగం ఊడింది. ధనలక్ష్మిని తిరిగి రమ్మని కంపెనీ కబురు పెడితే, ఆమె రానందట. ల్యాబుకు తాళం. చెంచమ్మ వీధి మొత్తం నీళ్ల ట్యాంకరు కోసం ఎండలో నిలబడుతోంది.

అందుకే చెబుతున్నాను, సమానత్వం జోలికి పోకండి! అది ఎక్కడో తడలో కాస్త తలెత్తితే చాలు, ఇక్కడ ముందు దొరికిపోయేది నాలాంటి పెద్దమనుషులే.